తీసి పెట్టుకునే గురిపలక

మొగలిరేవు గ్రామంలో ఒక తుపాకి ఉండేది. ఇరవై రెండేళ్ళుగా అది ఏ ప్రాణికీ హాని చెయ్యలేదు. కొత్తపేట మొదలుకుని అంతర్వేది దాకా అంతటి సాత్వికమైన ఆయుధం మరొకటి లేదని ఊరివారు గర్వంగా చెప్పుకునేవారు.

తుపాకి మునసబు ధర్మరాజు గారిది. మూతిలోంచి మందూ గుండూ వేసి, గజం అనే కడ్డీతో దట్టించి పేల్చే రకం. ఆయన తాతగారు ఏదో యుద్ధంలో దీన్ని పట్టుకుని నిలబడ్డారని ప్రతీతి. ఏ యుద్ధమో, ఏ పక్షాన నిలబడ్డారో అడగడం బాగుండదని ఎవరూ అడగలేదు. తాతగారు పోయాక ఆయన ఆత్మ ఆ గొట్టంలోనే స్థిరపడిందని పురోహితులు తేల్చారు. అందుచేత ఏటా దసరాకు తుపాకికి నలుగు పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పులిహోర నివేదించేవారు.

ఇంత పూజ్యమైన తుపాకికి ఒకే ఒక్క అలవాటు ఉంది. గుండు ఎడమకు పోతుంది. అరవై అంగల దూరంలో సరిగ్గా బారెడు ఎడమకు పోతుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. రాజుగారు తుపాకి ఎత్తగానే వివేకులంతా గబగబా ఆయన ఎదురుగా వచ్చి నిలబడేవారు. అంతకంటే క్షేమమైన చోటు మరొకటి లేదు. ఆయన పెరట్లో ఎడమ వైపు కొబ్బరిచెట్లకు కాయల కంటే సీసం ఎక్కువ.

తెలిసిన విషయాన్ని పైకి అనకపోవడం ఆ ఊరి మర్యాద. గుండు తప్పిన ప్రతిసారీ ఒక గౌరవప్రదమైన కారణం దొరికేది. గాలి తిరిగిందనేవారు. ఎవరో తుమ్మారనేవారు. నక్కకు ఆయుర్దాయం మిగిలి ఉందనేవారు. ఇరవై రెండేళ్ళలో ఆ చుట్టుపక్కల నక్కలన్నిటికీ దీర్ఘాయుర్యోగం ఉన్నట్టు నిరూపణ అయింది.

కుంపిణీ వారి దొరతనం పోయి రాణీగారి దొరతనం వచ్చిన మూడో ఏట, కార్తీక మాసంలో, రేవుకు ఎదురుగా గోదావరి నడుమ ఉన్న ఇసకలంకలోకి ఒక అడవిపంది దిగింది.

ఆ లంకలో దుర్గమ్మ అనే ఆవిడ పన్నెండు సాళ్ళ కంద వేసుకుంది. భర్త పోయాక ఆవిడకు మిగిలినవి ఒక పాక, ఒక దోనె, ఆ కంద విత్తనం. అది మామూలు కంద కాదు. తింటే గొంతు దురద పెట్టదు. అత్తగారి అత్తగారి నాటి నుంచి ఏటా కొన్ని దుంపలు దాచి, మళ్ళీ నాటి కాపాడుకొస్తున్న విత్తనం. పెళ్ళిళ్ళ రోజుల్లో గంగవరం నుంచి కూడా దానికోసం పడవల మీద వచ్చేవారు. ఆ విత్తనం పోతే మరెక్కడా దొరకదు. దొరకకపోతే దుర్గమ్మ మరుసటి ఏడు నుంచి మరొకరి చేలో కూలికి వంగాలి. పందికి ఇవేవీ తెలియవు. దానికి తెలిసిందల్లా గొంతు దురద పెట్టడం లేదని.

మొదటి సాలు పోయిన రోజునే దుర్గమ్మ మునసబు గారి వాకిట్లో నిలబడింది.

"రాజుగారండీ, పంది దిగిందండి లంకలోకి. ఒక సాలు తవ్విపోసిందండి."

"పందేనా?"

"ఆయ్."

"అయితే దానికి కాలం దగ్గరపడిందన్నమాట," అన్నారు రాజుగారు గంభీరంగా.

మర్నాడు పొద్దున్నే తుపాకి పట్టుబట్టలో చుట్టుకుని పడవెక్కింది. దాని వెనక రాజుగారు, ఆయన కుర్చీ, గొడుగు, కరణంగారు, ఊళ్ళో ఖాళీగా ఉన్న మగవారంతా ఎక్కారు, అనగా మగవారంతా ఎక్కారు. కరణంగారి పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ గారు. ఆ పేరు రాయడం మొదలుపెడితే కథ పూర్తికాదు కనుక ఇకపై కరణంగారు అనే అందాం. పంది బెదిరిపోతుందని డోలు తేలేదు. సన్నాయి మాత్రం తెచ్చారు.

మర్యాదలు తెలియని పంది సన్నాయికి తలెత్తకుండా కంద తింటూనే ఉంది. అరవై అంగల దూరంలో కుర్చీ వేశారు. రాజుగారు కూర్చుని, మీసం సవరించుకుని, పేల్చారు. పందికి ఎడమ పక్కన రాయి మీద ఉన్న దుర్గమ్మ నీళ్ళకుండ పగిలింది. పంది కుండకేసి చూసింది, రాజుగారికేసి చూసింది, మళ్ళీ పనిలో పడింది.

పొగ పల్చబడేలోగా కారణాలు తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే సముద్రం గాలి తిరిగిందని ఒకరన్నారు. ఆ పంది పూర్వజన్మలో ఎవరో మహానుభావుడై ఉండాలని మరొకరన్నారు. తాతగారు జీవహింసకు ఒప్పుకోలేదని కరణంగారు అన్నారు. అందరికీ ఇది నచ్చింది.

దుర్గమ్మ మాత్రం పెంకులు ఏరుకుని, పంది నిలబడ్డ చోటి నుంచి కుండ ఉన్న చోటికి రెండు చేతులూ చాచి కొలిచింది. సరిగ్గా ఒక బార.

"తుపాకి ఎడమకి పోతందండి రాజుగారూ. అందరికీ తెల్సండి," అంది.

అక్కడున్న యాభై మందీ ఒక్కసారి గోదావరికేసి చూడడం మొదలుపెట్టారు. నీళ్ళు చాలా బాగున్నాయని ఒకరిద్దరు అన్నారు కూడా.

నాలుగు రోజులు గడిచాక, తుపాకి బాగుచేయించాలన్న ఆలోచన తనకే వచ్చినట్టుగా, రాజుగారు కంసాలి త్రిమూర్తులుకు కబురు పెట్టారు. లంకలో అప్పటికి ఎనిమిది సాళ్ళున్నాయి. త్రిమూర్తులు చేతిలోని వస్తువుతో తప్ప మనుషులతో ఎక్కువగా మాట్లాడని మనిషి. తుపాకిని అటూ ఇటూ తిప్పి, ఒక కన్ను మూసి గొట్టం పొడుగునా చూశాడు.

"మూతి దగ్గర గింజ ఉందండి. వెనకాల ఏవీ లేదండి. కన్ను ఎక్కడ ఆనించాలో తెలీకపోతే ఎటు చూసినా సరిగ్గానే చూస్తన్నట్టుంటాదండి. ఇక్కడో పలక నిలబెట్టి, దానికి గాడి కోస్తే సరిపోద్దండి. గాడిలోంచి గింజ, గింజ మీంచి పంది. మూడూ ఒక్క వరసలోకి రావాలండి."

"ఎలా నిలబెడతావు?"

"గొట్టం మీద ఆకురాయితో చిన్న గాటు పెట్టి, అందులోకి దిగ్గొడతానండి."

తలుపు చాటు నుంచి మునసబు గారి భార్య రాజేశ్వరమ్మ గారు గుండె పట్టుకున్నారు. "మావఁగారి నాన్నగారి వీపు మీద ఆకురాయా?" అన్నారు. పురోహితులు ప్రాయశ్చిత్తం ఏమిటో చూడడానికి పంచాంగం తెరిచారు, తరవాత అది అందులో ఉండదని గుర్తొచ్చి మూశారు. చేతిలో ఆకురాయి లేకపోయినా త్రిమూర్తులు రెండడుగులు వెనక్కి వేశాడు.

"పోనీ గొట్టాన్ని ముట్టుకోకుండా, ఊడదీసి పెట్టుకునేలా చేస్తానండి," అన్నాడు.

చేశాడు. ఇత్తడి రేకును గొట్టం చుట్టూ పట్టీగా వంచాడు. లోపల మసి పూసి తొడిగి చూసి, మసి చెదరని చోటల్లా మళ్ళీ సవరించి, గొట్టాన్ని అంతటా సమానంగా కౌగిలించుకునేదాకా వదల్లేదు. జారకుండా లోపల పల్చటి తోలు అతికించాడు. పట్టీ రెండు చివర్లూ కింద ఒక మరతో బిగుస్తాయి. పైన చిటికెన వేలి గోరంత పలక, పలకకు గాడి. పలక మధ్యన కాకుండా కుడి పక్కకు రెండు వేళ్ళు ఒరిగి ఉంది. ఆ వంకరేమిటని పురోహితులు అడిగారు.

"తుపాకి వంకరకి సరిపడా పెట్టేనండి," అన్నాడు త్రిమూర్తులు. ఇంత అమర్యాదగా మాట్లాడినందుకు పురోహితులు రెండ్రోజులు వాళ్ళ వీధికి వెళ్ళలేదు.

తుపాకిని ఇసకమూట మీద ఆనించి, అరవై అంగల దూరంలో కొబ్బరిబొండం పెట్టి త్రిమూర్తులే పేల్చాడు. మొదటి గుండు బొండానికి జానెడు ఎడమన పడింది. మర సడలించి, పట్టీని వెంట్రుకవాసి తిప్పి, బిగించాడు. రెండోది బెత్తెడు దూరంలో పడింది. మూడో గుండుకు బొండం పగిలి నీళ్ళు కారాయి.

ఊరంతా సంతోషించింది. రాజుగారు సంతోషించలేదు. ఆయన తెలివైనవారు. ఇకమీదట గుండు తప్పితే గాలీ తుమ్మూ పూర్వజన్మా పనికిరావని, తప్పు తుపాకిది కాదని తేలితే అది ఇంకెవరిదో వెతుకుతారని, అంత దగ్గరగా కూర్చుని ఉండేది తానొక్కడేనని ఆయన అక్కడికక్కడే గ్రహించారు. పలకను పేల్చి చూడడం వేరు, ప్రతిష్ఠ చెయ్యడం వేరు అని, మంచి ముహూర్తం లేకుండా దాన్ని వేటకు వాడరాదని ప్రకటించారు. ముహూర్తం పన్నెండు రోజుల తరవాత దొరికింది. ఆ పన్నెండు రోజులకు ముహూర్తాలతో నిమిత్తం లేకుండా పంది రెండు సాళ్ళు తినేసింది.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. పలకకు వెండి భరిణె, భరిణెకు పట్టుసంచి కుట్టించారు. మరను కుడివైపుకు తిప్పితే బిగుస్తుంది కనుక అది ప్రదక్షిణమే, దోషం లేదు. తీసేటప్పుడు ఎడమకు తిప్పవలసి వస్తుంది, అది అప్రదక్షిణం, అశుభం. దీని మీద మూడు గంటల సేపు చర్చ జరిగాక, ఒకరు మరను కదలకుండా పట్టుకుని నిలబడితే నలుగురు తుపాకినే ఎత్తి ప్రదక్షిణంగా తిప్పవచ్చునని పురోహితులు నిర్ణయించారు. ఆ నలుగురినీ అక్కడే ఎంపిక చేశారు. శుక్రవారం పలక తియ్యకూడదనీ, మంగళవారం పెట్టకూడదనీ, అమావాస్యనాడు ఏమీ చెయ్యకూడదనీ కూడా తీర్మానించారు. తరవాత రాజుగారు ప్రసంగించారు.

"మహాజనులారా! ఈ పలక వల్ల మనకు గురి వచ్చిందని కొందరు అనుకుంటున్నారు. గురి నా వంశంలో ముందు నుంచీ ఉన్నదే. ఈ పలక గొప్పతనమంతా ఊడదీయడానికి వీలుగా ఉండడంలో ఉంది. ఎప్పుడూ ఉండేది ఇనపముక్క. అవసరమైనప్పుడు ఉండి, అవసరమైనప్పుడు లేకుండా పోయేదే సదుపాయం. ఎప్పుడు పెట్టాలో, ముఖ్యంగా ఎప్పుడు తియ్యాలో తెలిసినవాడే పాలకుడు!"

జనం హర్షించారు. వెనక వరసలో నిలబడ్డ దుర్గమ్మ, ఇంతకీ పంది మాటేమిటని అడిగింది. ఇది ఆ సందర్భం కాదని పక్కనున్నవారు నెమ్మదిగా చెప్పారు. పులిహోర ఆకులో పెట్టిచ్చారు.

ఇక వేట తప్పదనుకున్న సమయంలో కరణంగారు ఊరిని ఆదుకున్నారు. ఎవరూ అడక్కుండానే ఆయన తాలూకా కచేరీకి ఒక అర్జీ రాశారు. తుపాకులకు లైసెన్సులు వచ్చిన కొత్త. మా గ్రామంలోని తుపాకికి పలక తగిలించితిమి, ఇది చట్టసమ్మతమా కాదా సెలవీయ ప్రార్థన అని రాశారు. అడిగితే కాదంటారని అడిగినవారికీ తెలుసు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. కరణంగారు దాన్ని రచ్చసావిట్లో నిలబడి చదివారు.

"మీ గ్రామపు తుపాకి రిజిస్టరులో వెనుక పలక లేనిదిగా దాఖలై యున్నది. పలక తగిలించినయెడల అది మరియొక తుపాకి యగును. మరియొక తుపాకికి లైసెన్సు లేదు. కావున సదరు పలకను కచేరీకి పంపి భద్రపరచవలెను. పంది వచ్చు పక్షమున, అది వచ్చుటకు వారము రోజులు ముందుగా అర్జీ దాఖలు చేసుకొనినచో పలక పంపబడును."

జవాబులోని న్యాయదృష్టికి అందరూ తలలూపారు. పలక అదే రోజున భరిణెతో సహా రెండు రేవులు దాటి కచేరీకి వెళ్ళిపోయింది. అది వెళ్ళే పడవకేసి రాజుగారు చూసినంత ఆప్యాయంగా కూతుర్ని కాపరానికి పంపేటప్పుడు కూడా చూడలేదని రాజేశ్వరమ్మ గారు అన్నారట.

లంకలో అప్పటికి మూడు సాళ్ళున్నాయి. దుర్గమ్మ కరణంగారి ఇంటికి వెళ్ళింది.

"వారం ముందుగా చెప్పాలంటండి కదా. ఎప్పుడొస్తావని పందిని అడిగొస్తానండి కరణంగారూ."

"అడిగిరా," అన్నారు కరణంగారు కాగితం మీంచి తలెత్తకుండా. "వట్టి మాట పనికిరాదు. నిశానీ కూడా పెట్టించుకురా."

అక్కడి నుంచి దుర్గమ్మ త్రిమూర్తులు కొలిమి దగ్గరికి వెళ్ళింది. పలక లేకుండా ఆ తుపాకితో పందికి తగలాలంటే ఎలాగని అడిగింది.

"బారెడు కుడికి చూసి కొట్టాలమ్మా. అంతే."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా ఆచారిగారూ."

"నన్నెవరూ అడగలేదమ్మా. పలక చెయ్యమన్నారు, చేసేను."

దుర్గమ్మ ఆ ముక్క రాజుగారికి విన్నవించింది. రాజుగారికి కోపం వచ్చింది. పందిని కొట్టడానికి పంది లేనిచోట గురి చూడడం పిచ్చివాడి లక్షణమని, తమ వంశంలో అటువంటివారు పుట్టలేదని, పుట్టినా తుపాకి ఇవ్వలేదని అన్నారు. పైగా తుపాకి ఎడమకు పోతుందని ఒప్పుకుని కుడికి చూడడమంటే తాతగారిని నలుగురిలో నిలబెట్టి తప్పుపట్టడమే. వేటకు మాత్రం తాను సర్వదా సిద్ధమేనని చెప్పారు. ఈ సంసిద్ధత అబద్ధం కాదు. పలక కచేరీలో ఉంది కనుక, ఇప్పుడు గుండు తప్పితే ఆ బాధ్యత పూర్తిగా రాణీగారి ప్రభుత్వానిది.

దుర్గమ్మ తిరిగి వెళ్ళి కందచేను చూసుకుంది. ఆఖరి సాలు విత్తనానికి ఉంచుకున్నది. పైన నిలువునా ఎండిన కాడలు, కింద బుట్టంతేసి దుంపలు. ఆ సాలు పక్కన కాసేపు కూర్చుంది. తరవాత లేచి, పాత వలముక్క వెతికి తీసింది.

వలలో కొబ్బరిపీచు కూరింది. మొద్దుల కాళ్ళు పెట్టింది. ఒండ్రు మెత్తి, వీపు పొడుగునా ఈతాకులు గుచ్చింది. అసలు పందికంటే బెత్తెడు పెద్దదిగానే చేసింది. పెద్దమనుషులు గురి చూసేటప్పుడు పెద్దదాన్నే ఎంచుకుంటారని ఆవిడకు నమ్మకం. దాన్ని తీసుకెళ్ళి, పంది మేసే చోటికి సరిగ్గా బారెడు కుడిపక్కన నిలబెట్టింది. పంది మొదటిరోజు దాన్ని చూసి పారిపోయింది. రెండోరోజు వాసన చూసింది. నాలుగోరోజుకు ఊళ్ళో తుపాకిని అందరూ భరించినట్టే తానూ భరించింది. ఆ నాలుగు రోజుల్లో మిగిలిన రెండు సాళ్ళూ తినేసింది. ఇక ఉన్నది విత్తనపు సాలు ఒక్కటే.

అయిదోరోజు తెల్లవారేసరికి, దుర్గమ్మ కబురందుకుని రాజుగారి పడవ వచ్చింది. పుష్యమాసపు మంచు లంకంతా కమ్ముకుని ఉంది. మొదటిసారి కుర్చీ వేసిన చోటనే దుర్గమ్మ నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి ఉంచింది. ముగ్గు పెట్టిన చోట కాక మరోచోట కూర్చునే అలవాటు రాజుగారికి లేదు. ఈసారి సన్నాయి అక్కరలేదని, పంది సంగీతానికి అలవాటుపడిపోయిందని దుర్గమ్మ చెప్పింది. సన్నాయివారు కొంచెం నొచ్చుకున్నారు.

విత్తనపు సాలు మొదట్లో, మంచులో, రెండు నల్లటి ఆకారాలు ఉన్నాయి. ఎడమనున్నది తవ్వుతోంది. కుడినున్నది గంభీరంగా నిలబడి ఉంది.

"రెండున్నాయే," అన్నారు రాజుగారు.

"ఆయ్. ఎడంపక్కది చిన్నదండి. కుడిపక్కది దాని పెద్దండి. మీకు తగ్గది అదేనండి," అంది దుర్గమ్మ.

రాజుగారు మీసం సవరించుకున్నారు. దుర్గమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆవిడ అత్తగారి అత్తగారి దగ్గర నుంచీ వచ్చినదంతా ఆ ఒక్క చిటికెడు మందు మీద ఉంది. తుపాకి పేలింది. పొగ మంచులో కలిసింది. పెద్దపంది కదలకుండా అలాగే నిలబడి కనిపించింది.

"కచేరీవారు పలక ఆపడం వల్ల..." అని రాజుగారు మొదలుపెట్టారు. కరణంగారు అప్పుడే తలూపడం కూడా మొదలుపెట్టారు. అంతలో ఎడమపక్క నుంచి కీచుమని ఒక్క అరుపు వినిపించింది. చిన్నపంది నాలుగడుగులు వేసి, కంద కాడల మీద పక్కకు ఒరిగిపోయింది.

"...ఆపినా కూడా," అన్నారు రాజుగారు, "నేను చూసింది దాన్నే."

దుర్గమ్మ పందిని చూడలేదు. గబగబా వెళ్ళి విత్తనపు సాలు కాడలు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. రెండు దుంపలు పోయాయి. మిగిలినవన్నీ ఉన్నాయి. ఆవిడ అక్కడే కూలబడి, మట్టి చేతులతోనే ముఖం తుడుచుకుంది.

మంచు విడిపోయింది. రెండో పంది పక్కలోంచి పీచు బయటికి వస్తోందని యాభై మందీ చూశారు. యాభై మందీ గోదావరికేసి తిరిగారు. త్రిమూర్తులు ఒక్కడే దాని దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి చచ్చిన పంది దాకా అడుగులు వేసుకుని, దుర్గమ్మకేసి చూసి, పనితనం తెలిసిన మనిషిని చూసినప్పుడు చేసినట్టుగా తల ఒక్కసారి కిందికి వంచాడు.

కచేరీకి నివేదిక వెళ్ళింది. "శ్రీ మునసబు వారు ఒకే గుండుతో ఒక పందిని సంహరించిరి. రెండవ పంది ఆ పరాక్రమమును కన్నులారా చూచి, నిలిచినచోటనే బిగుసుకొని పీచైపోయెను." కచేరీవారు సంతోషించి, పలక లేకుండానే ఇంత పని జరిగినందున పలక అవసరం లేదని రుజువైందని, కనుక అది శాశ్వతంగా తమ వద్దనే భద్రంగా ఉంటుందని రాశారు. రాజుగారికి సన్మానం జరిగింది. తాతగారికి నూట ఎనిమిది గారెల దండ వేశారు. సంబరంలో వంటకు కంద కావలసివచ్చి, దుర్గమ్మను రెండు దుంపలు అడిగారు. విత్తనానికే ఉన్నాయండి అని ఆవిడ చెబితే, ఊరికి ఇంత ఉపకారం జరిగాక ఆ మాత్రం కృతజ్ఞత లేదని ఆడవాళ్ళు కూడా అనుకున్నారు.

ఆ తరవాత ఆ చుట్టుపక్కల ఎక్కడ పంది దిగినా రాజుగారికే కబురు వచ్చేది. ముందురోజు ఒక మనిషి వచ్చి దుర్గమ్మకు చెప్పి వెళ్ళేవాడు. ఎందుకు చెబుతున్నాడో అతను చెప్పేవాడు కాదు, ఆవిడ అడిగేది కాదు. పీచు, వలముక్క, ఈతాకులు తట్టలో పెట్టుకుని దోనె మీద ముందుగా వెళ్ళేది. రాజుగారు పోయేనాటికి ఆయన ఖాతాలో పద్దెనిమిది పందులున్నాయి. గురి చూసిన చోట తగలని గుండు ఒక్కటి కూడా లేదని ఆయన సమాధి రాతి మీద చెక్కించారు. తుపాకి ఆఖరిదాకా ఎడమకే పోయింది.

ఇది చదివి మొగలిరేవు వారి అమాయకత్వానికి నవ్వుకుంటున్న గృహస్థులకు ఒక మనవి. ఈ పూట భోజనానికి కూర్చునే ముందు తమ పీట నిన్న ఉన్నచోటనే ఉన్నదో, ఎవరైనా బారెడు జరిపారో ఒక్కసారి చూసుకోవలెను. జరిపి ఉన్నట్టయితే, అడగకుండా కూర్చుని తినవలెను. ఇన్నాళ్ళూ అన్నీ సరిగ్గా తగులుతున్నది అందువల్లనే.